గిన్నె అడుగున బాదం పప్పు

"నోరు తెరువు" అంది ఆస్లౌగ్, చేతిలో టార్చిలైటు పట్టుకుని.

తుర్లీఫ్ బుద్ధిగా తెరిచాడు. డెబ్బై ఏళ్ల తమ్ముడి నోట్లోకి అక్క లైటు వేసి చూసింది. కట్టుడు పళ్లు తప్ప ఏమీ లేవు.

"నాలుక ఎత్తు."

"ఎత్తానక్కా. పొట్ట కూడా కోసి చూసుకుంటావా?"

ఆమె అనుమానానికి కారణం ఉంది. మూడేళ్ల కిందట క్రిస్మస్ పాలజావలో వేసే ఒకే ఒక్క బాదం పప్పు తనకి వస్తే, తుర్లీఫ్ దాన్ని బుగ్గలో దాచుకుని, కుండ ఖాళీ అయ్యేదాకా అందరిచేతా పాలజావ తినిపించాడు. అంతవరకూ ఆటలో చెల్లుతుంది. జావ అయిపోగానే మాత్రం పప్పు బయటపెట్టాలి. ఇవాళ అయిపోయి పావుగంట దాటింది. ఐదు గిన్నెలూ నాకినట్టున్నాయి. పప్పు ఎవరికీ రాలేదు. పప్పు దొరికి గెలిచినవాళ్లకి ఇవ్వాల్సిన, బాదం ముద్దతో చేసిన తీపి పంది బొమ్మ, మెడలో ఎర్ర రిబ్బనుతో బల్ల మధ్య అలాగే కూర్చుని ఉంది.

సిన్నేవ ఖాళీ గిన్నెలు ఒక్కొక్కటీ వంచి చూసింది. ఆస్లౌగ్ కొడుకు ఐవిన్‌కి రెండో భార్యగా ఈ ఇంట్లో ఆమెకిది తొలి క్రిస్మస్. జావ వండింది ఆమే. అసలు పప్పు కుండలో పడనే లేదని తెలిసిందీ ఆమెకే. నీలం అంచు గిన్నె అడుగున పప్పుని బొటనవేలితో నొక్కి, పైన జావ పోసి, వెన్న, దాల్చిన చెక్క పొడి వేసి, తూవ ముందు పెట్టింది.

తూవకి పదేళ్లు. నాలుగేళ్ల కిందట విడిపోయిన ఐవిన్ మొదటి భార్య మారిత్ కూతురు. ఒక క్రిస్మస్ ఇక్కడ, మరుసటిది ట్రోమ్సోలో తల్లి దగ్గర. ఈసారి నచ్చకపోతే ఇకమీదట ప్రతి ఏడూ అమ్మ దగ్గరే ఉంటానని తండ్రికి ముందే చెప్పి వచ్చింది. పెళ్లయిన ఈ తొమ్మిది నెలల్లో సిన్నేవని ఒక్కసారి కూడా పేరుపెట్టి పిలవలేదు. 'ఆవిడ' అనేది, లేదంటే ఏమీ అనేది కాదు. తొమ్మిది నెలల్లో జరగనిది ఒక తీపి పందితోనైనా జరుగుతుందేమోనని సిన్నేవ మోసానికి దిగింది.

ఇప్పుడా నీలం అంచు గిన్నె ఖాళీ. పిల్ల చూడకుండా మింగేసిందా? గిన్నె మారిపోయిందా? అసలు తను పెట్టిందా? తన బొటనవేలి మీదే ఆమెకి నమ్మకం పోయింది.

మారిత్ ఉన్నప్పుడు ఒక్క ఏడూ ఇలా జరగలేదని ఆస్లౌగ్ గొణిగింది. ఐవిన్ ఏం చెయ్యాలో తోచక, రాత్రి భోజనానికి అడుగున బర్చ్ చెట్టు పుల్లలు పేర్చి ఆవిరి మీద ఉడికిస్తున్న గొర్రె పక్కటెముకల గిన్నె మూత తీసి అందులో వెతికాడు. తల్లి అతన్ని కసిరి కూర్చోబెట్టింది.

"పెద్దవాళ్ల నోళ్లే చూస్తావా? చిన్నదాని నోరు కూడా చూడు" అన్నాడు తుర్లీఫ్.

తూవ చూపు ఒక్క క్షణం క్రిస్మస్ చెట్టు వైపు వెళ్లి, చటుక్కున బల్ల మీదికి దిగింది. జావ తింటూ మధ్యలో ఆ పిల్ల లేచి, చెట్టుకి కట్టిన కాగితపు బుట్టేదో వంకరగా ఉందంటూ సర్ది రావడం సిన్నేవకి గుర్తొచ్చింది. అంటే దాచేసింది. తనని నలుగురిలో తలవంచుకునేలా చెయ్యాలని.

టార్చి తూవ వైపు తిరిగింది.

"మర్చిపోయాను అత్తయ్యా" అంది సిన్నేవ. "పప్పు వెయ్యడమే మర్చిపోయాను."

ఆ మాట ముందే చెప్పి ఉంటే తమ్ముడి దవడలు నొప్పెట్టేవి కావు కదా అని ఆస్లౌగ్ లైటు ఆర్పేసింది. పందిని డబ్బాలో పెట్టడానికి చెయ్యి చాచింది.

కుర్చీ కిర్రుమంది. తూవ చెట్టు దగ్గరికి వెళ్లింది. ఎరుపు, తెలుపు కాగితాలతో హృదయం ఆకారంలో అల్లిన బుట్టలన్నీ ముందువైపు వేలాడుతున్నాయి. నిన్న సిన్నేవ వంకరటింకరగా అల్లిన బుట్టని మాత్రం తూవే వెనక, గోడ వైపు కట్టింది. ఇప్పుడు దాన్నే తెచ్చి బల్ల మీద బోర్లించింది. రెండు ఎండు ద్రాక్షలు రాలాయి. వాటి వెనకే, ఎండిన జావతో బాదం పప్పు.

"నువ్వా దాచింది?" అన్నాడు ఐవిన్.

"దాచింది నేనే. పెట్టింది నేను కాదు. నా గిన్నెలో కావాలనే పెట్టడం తలుపు సందులోంచి చూశాను. అమ్మ కూడా ప్రతిసారీ అలాగే పెట్టేది."

"మారిత్ ఉన్నన్నాళ్లూ నాకెందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది" అన్నాడు తుర్లీఫ్.

ఆస్లౌగ్ నవ్వలేదు. "ఈసారి పెట్టిందెవరు? పేరు చెప్పు."

తూవ తీపి పందిని తన వైపు లాక్కుంది. కాసేపు దాని రిబ్బను సవరించింది. తర్వాత తల ఎత్తి, బల్లకి అవతలున్న మనిషి కళ్లలోకి చూసింది.

"సిన్నేవ" అంది.