అంబరుదొర పండ్లకల్లు

ఫాల్గుణము కడపటి దినములందు సముద్రము మీది ఉప్పుగాలి ఇసుకదిబ్బల తలలు నిమిరి సరుగుడుతోపులలో దూరి నిట్టూర్చుచుండగా, పసుపును ఎరుపును కలసిన జీడిమామిడి పండ్లు తమ గింజలను బులాకులవలె క్రిందికి వ్రేలాడవైచి కొమ్మకొమ్మను మగ్గుచుండగా, తాటిచెట్ల తలలమీది లొట్టులలోనికి బొట్టుబొట్టుగా దిగిన కల్లు తొలియెండకు నురుగు గట్టు వేళ, చింతలరేవు గ్రామమున సన్యాసమ్మ తన దడిమీదుగా తలయెత్తి పొరుగింటి నూకాలుతో చెప్పిన దేమనగా, బంగళాలోని అంబరుదొర దొరయే గాని వట్టి దొర గాడనియు, సారా కాచువారిని పట్టుటకై అబ్కారీవారు పంపిన వేగులవాడనియు, ఇది తాను కల్పించిన మాట గాక ఉప్పుబండ్లు తోలు తన చెల్లెలి మగనికి పట్నములో నొక బంట్రోతు బావమరది చెవిలో నూదిన మాటయనియు, దొర యిప్పటికే మూడూళ్ళు తిరిగి పండ్లకల్లు దొరకునా యని యడిగి వచ్చెననియు.

"పండ్లకల్లేటే? సెట్టుకి కల్లొస్తాది గానీ పండుకొస్తాదేటి?" అని నూకాలు చీపురు పట్టుకొనియే నవ్వెను.

"అదేనే నాను సెప్పీది! పండ్లు దంచి కుళ్ళబెడితే అయ్యీది సారా ఊటే గదేటే! అది ఎవుడి కాడుందో ఆరా తీస్తన్నాడు. మీ ఆయన దొర సెట్లే గీస్తన్నాడు. నాకెందుకులే, సెప్పీసినాను" అని సన్యాసమ్మ చెప్పవలసినదంతయు చెప్పి చెప్పనిదానివలె లోపలికి పోయెను.

నూకాలు నవ్విన మాటకు ఆమె మగడు దాలయ్య నవ్వలేదు. నవ్వకుండుటకు వానికి కారణము లుండెను. బంగళా ఆవరణములోని పదునాలుగు తాటిచెట్లే వాని జీవనము. ఆ చెట్లు గీచుటకు సర్కారువారి అనుమతి కావలయునన్న ప్రతిసంవత్సరము వైశాఖమాసమున దొర యొక కాగితముమీద చేవ్రాలు చేయవలయును. చేవ్రాలు లేని యేడు మోకు మెడకు వైచికొని ఊరూర తిరుగవలసినదే గాని ఎక్కుటకు చెట్టుండదు. రెండేండ్ల క్రిందట వాని బావమరది బంగారయ్య పొలముగట్టున చాటుగా సారా కాచుచుండగా కాషాయము గట్టిన సాధువొకడు వచ్చి కడుపునొప్పికి మందుగా నొక గుక్కెడు పోయుమని వేడి త్రాగి దీవించి ఆకాశమువంక చూచి నమస్కరించి పోయెను. మరునాడు ఆ సాధువే తలపాగా చుట్టుకొని ఇద్దరు బంట్రోతులతో తిరిగి వచ్చెను. బంగారయ్యకు ఆరుమాసములు చెఱ. నాటినుండి దాలయ్య దాహమని అడుగువాని నోరు చూచుట మాని కన్నులు చూచుట నేర్చుకొనెను.

అంబరుదొర యసలు పేరు హెంబ్రో. ఊరివారి నాలుకలు ఆ పేరును అరుగదీసి అంబరు చేసినవి. రేవుకచేరిలో ఇరువది యేండ్లు కొలువు చేసి, ఓడలు వచ్చుట మానిన పిమ్మట తక్కిన తెల్లవారందరు మూటలు గట్టుకొని పోయినను తానొక్కడే ఆ పెచ్చులూడిన బంగళాను పట్టుకొని యుండిపోయెను. భార్య లేదు, బిడ్డలు లేరు. తెలుగు మాత్రము నిక్షేపముగా వచ్చును. కాని ఆ తెలుగును ఆయన బజారులో నేర్చినవాడు గాక ఒక ముసలి పంతులువద్ద గ్రంథములు పెట్టుకొని నేర్చినవాడగుటచే నోరు తెఱచిన నది పుస్తకము చదివినట్లే యుండెడిది. అట్టి భాష దాలయ్య తన జీవితమున మఱొక్కసారి మాత్రమే వినియుండెను. అది న్యాయస్థానమున బంగారయ్య శిక్ష చదివినప్పుడు.

చైత్రము ప్రవేశించిన నాలుగవనాడు దొర వానిని వరండాలోనికి పిలిపించెను.

"ఓయీ దాలయ్యా! సమీపమునకు రమ్ము. నీవలన నాకొక పానీయము కావలయును."

"సిత్తం బాబూ."

"అది కల్లు గాదు. సారాయమును గాదు. పండ్లను దంచి పిండి పీపాలో నిలువయుంచిన యెడల తనంతట తాను పులియునది. దాని నామము సైడరు. నా తండ్రి తోటలో ఆపిలుపండ్లతో చేయుచుండిరి."

కల్లు గానిది, సారా గానిది, దంచినది, నిలువయుంచినది, పులిసినది. దాలయ్య ఒక్కొక్క మాటను కల్లులోని చీమను తీసినట్లు తీసి చూచుకొనెను. అన్నియు కూడి సారా ఊట యొక్క అంగములే! పేరు మాత్రము మార్చబడినది.

"అలాటియి మా ఊర్లో ఎవులూ సెయ్యరు బాబూ. మాకు తెలవదు."

"చెన్నపట్టణమునుండి సీసాలు తెప్పించితిని. అవి సోడా! పంచదారయు బుడగలును తప్ప వేఱేమియు లేదు. మా యింటిది అట్లుండదు. కలకగా నుండును. బుడగ యుండదు. పులుపును వగరును నాలుకను పట్టుకొని వదలవు. దానిని రుచిచూచి ముప్పది సంవత్సరము లాయెను దాలయ్యా!" అని దొర సముద్రమువంకకు కన్నులెత్తెను.

ఆ సాధువు కూడ ఇట్లే ఆకాశమువంక చూచెనని దాలయ్యకు జ్ఞప్తి వచ్చెను.

"పోనిమ్ము. నీ కల్లులో దానికి సన్నిహితమైన దేదైన నుండునేమో, తెమ్ము" అని దొర యాజ్ఞాపించెను.

లోపల సున్నము పూసిన లొట్టి కట్టినచో అందు దిగిన రసము పులియదు, తియ్యగానే యుండును, త్రాగినవానికి మత్తు రాదు, పోసినవానికి శిక్ష రాదు. ఈ మర్మము గీతపనివారి యిండ్లలో బిడ్డలకు సయితము తెలియును. దాలయ్య మరునాడు అట్టి లొట్టినే ఎత్తుకొనిపోయి చేతులు కట్టుకొని నిలిచెను. దొర ఒక గ్రుక్క పుచ్చుకొని బొమలు ముడిచి వెంటనే పకపక నవ్వెను.

"సున్నము! ఓరి గడుసువాడా, నేను పులిసిన లొట్టి తెమ్మంటినా, పసిబిడ్డల పాలు తెమ్మంటినా?"

దాలయ్య కట్టుకొన్న చేతులు విప్పెను. "తమకి... సున్నం సంగతి ఎలా తెలుసు బాబూ?"

"రేవులో పడవవాండ్ర సరసన కూర్చుండి త్రాగితిని."

దొరయేమి, పడవవాండ్ర సరసన కూర్చుండుటయేమి! అబ్కారీవాడు తప్ప తెల్లతోలువాడెవ్వడు లొట్టి లోపలి సున్నము నెఱుగును? ఇంతవరకు దాలయ్య మనస్సున సన్యాసమ్మ మాట పుట్టియు పుట్టని మొలకగా నుండినది. ఆ నవ్వుతో నది వేరు తన్నెను.

కొన్నాళ్ళకు ఒక ఉదయమున వాడు తాటితలమీద గెల చెక్కుచుండగా క్రింద దొర గంప చంకబెట్టుకొని జీడిమామిడిచెట్టు మొదట నిలిచి యుండెను. వాకిలి యూడ్చు నూకాలు రాలినపండ్లు ఏరి గంపలో వేయుచుండెను. దొర యొకపండు కొఱికి రసము గడ్డమువెంట కారుచుండగా కన్నులు మూసికొని చిత్రమునందలి పురుషునివలె కదలక నిలిచి పిదప చిన్నపిల్లవానివలె కేకవేసెను.

"నూకాలూ! దీని వగరు చూచితివా? సరిగా మా తోటలోనిదే! దీని పేరేమి?"

"జీడిమామిడి బాబూ. ఊరంతా ఉన్నాదే!"

"మామిడి గాదు. మా భాషలో దీనికి ఆపిలనియే పేరు. ముప్పది యేండ్లు గవాక్షము ముందఱ కాచుచున్నదానిని విడిచి మూడూళ్ళు తిరిగితిని గదా!"

పైనున్న దాలయ్య చేతికత్తి ఆగెను. ఊరంతయు మామిడి యన్నదానిని ఆపిలనువాడు రేపు తన లొట్టిలోని కల్లును సారాయనుటకు ఎంతసేపు? వానికి పేర్లు మార్చుటయే వృత్తి గదా యని తలపోసెను.

ఆనాటి మధ్యాహ్నము గంజి ముందు కూర్చుండి వాడు ఈ సందేహము భార్యకు చెప్పెను. నూకాలు మిరపకాయ కొఱుకుచు తీరికగా వినెను.

"నువ్వు సెట్టుమీంచి సూస్తావు మావా, నాను ఎదురుగా సూస్తాను. తాగీవోడి మొగం నాకు తెలుసు, పట్టీవోడి మొగం నాకు తెలుసు. దొరది తాగీవోడి మొగమే."

"బంగారయ్య కాడికొచ్చినోడి మొగం సూసి నువ్వు కాదేటి కాళ్ళకి దండం పెట్టినావు?"

నూకాలు చేతిలోని మిరపకాయ పూర్తిచేసెను.

దొర పండ్లను రోట దంపించి గుడ్డలో పిండి ఓడలనాటి పాత పీపా నొకదానిని నింపి గుఱ్ఱములు లేని గుఱ్ఱపుసాలలో నిలిపెను. దాలయ్య మోకును లొట్టులును సున్నపుకుండయు దాచుకొనునది ఆ సాలలోనే. మూడవనాటి వేకువ వాడు లోపల అడుగిడగానే పీపా గుసగుసలాడుచుండెను. మూత యెత్తి చూడగా తెల్లని నురుగు. ఆ వాసన వానికి క్రొత్తది గాదు. బంగారయ్య కుండలనుండి వెడలిన వాసనయే!

అప్పుడు వానికి సర్వమును తేటపడినట్లు తోచెను. ఊట దొర దగ్గఱ ఎట్లును దొరకదు. దాలయ్య సామానుల నడుమ దొరకును. బంట్రోతులు వచ్చి యిది యెవ్వరిదని యడిగినచో దొర తెలుగున నొక పుటయంత చదువును. తాను "నాకు తెలవదు బాబూ" యనును. ఇందు ఏది చెల్లునో తెలియుటకు చదువు అక్కఱలేదు. పీపాను దొర్లించి పాఱబోసిన దొరకు కోపము వచ్చును, చేవ్రాలు పోవును. ఉన్నదున్నట్లు విడిచిన చెఱ వచ్చును. ఏమి చేయుదునని నిలిచిన వానికి తన చేతిపనియే ఉపాయము చెప్పెను. సున్నపుకుండలో చేయిపెట్టి రెండు దోసిళ్ళెత్తి పీపాలో వైచి తాటిమట్టతో అడుగంట కలిపి మూతపెట్టెను. పొంగు పాలమీద నీళ్ళు చల్లినట్లు నురుగు క్రుంగిపోయెను. గుసగుస మానెను. ఇకమీదట ఏ అబ్కారీవాడు వచ్చినను అది పండ్లరసమే గాని ఊట గాదని వాడు తేలికగా ఊపిరి పీల్చుకొనెను.

బంట్రోతులు రాలేదు. వారము గడచినను రాలేదు. పక్షము గడచినను రాలేదు. రాకుండుటయు దాలయ్యకు సందేహమే యయ్యెను. దొర మాత్రము పీపా ప్రక్కకు ప్రతిసాయంకాలము వచ్చి దానిమీద అరచేయి యుంచి మూత యెత్తకయే మరలిపోవుచుండెను. తొందరపడి తెఱచిన పాడగునని తండ్రి చెప్పెనట. మండలము నిండవలయునట.

వైశాఖమున ఒక సంజవేళ దొర మగనిని ఆలిని ఇద్దఱను పిలిపించెను. ఉతికిన తెల్లచొక్కా తొడిగి మూడు కంచుగిన్నెలు అరుగుమీద వరుసగా నుంచి యుండెను. మొట్టమొదట దాలయ్య చేతిలో మడచిన కాగితము పెట్టి "ఈ సంవత్సరపు చేవ్రాలు. పదునాలుగు చెట్లును నీవే" యనెను. చదువురాని దాలయ్య దానిని అటునిటు త్రిప్పి ఇందు చెట్లే యున్నవో మఱి యేమున్నదో యని తలంచుచు మొలను దోపుకొనెను.

దొర పీపానుండి కూజానిండ వంచుకొని తాను రుచి చూడకయే జీడిమామిడిచెట్టు దగ్గఱకు నడచెను. నెత్తిమీది టోపీ తీసి నేలనుంచెను. కొంచెము రొట్టెముక్క కొమ్మసందున పెట్టెను. కూజావంచి మొదటిధార వేళ్ళమీద పోసి తన భాషలో రెండు చరణములు పాడెను.

దాలయ్య తన తలపాగమీద చేయి వేసెను. ఏటేట తొలిచెట్టునకు మోకు చుట్టక మునుపు వాడును తలపాగ విప్పి నేలనుంచి కల్లుధార మొదలుమీద పోసి అమ్మా యని పిలుచును. అది తండ్రి వానికి నేర్పినది. త్రాగువారెఱుగరు, అమ్మువారెఱుగరు, చెట్టునకు బ్రదుకు ఋణపడినవాడే యెఱుగును. వేగులవానికి వేషము నేర్పుదురు గాని ఇది యెవ్వరు నేర్పుదురు?

దొర తిరిగివచ్చి మొదటిగిన్నె నింపి రెండుచేతులతో వానికే అందించెను. "చెట్టెక్కువాడు ముందుగా త్రాగవలయును. మా తోటలో అది మర్యాద."

గిన్నె దాలయ్య చేతిలో కదలక యుండెను.

"తాగవేటి మావా? దొర సేత్తో ఇస్తన్నాడు" అని నూకాలు మోచేత పొడిచెను.

వాడు త్రాగెను. తీపు చచ్చి పులుపు పుట్టక గోడకు వేయు వెల్లవలె గొంతు దిగినది.

"ఎట్లున్నది? చెప్పుము, ఎట్లున్నది?"

"బాగున్నాది బాబూ."

దొర తన గిన్నె యెత్తి కన్నులు మూసికొని నోటినిండ పుచ్చుకొనెను. మూసిన కన్నులు చాలసేపు తెఱవలేదు. పిమ్మట మెల్లగా మ్రింగి అరుగుమీద కూలబడి గిన్నె అడుగున నిలిచిన తెల్లని మడ్డిని వ్రేలితో తాకి చూచెను. ఆ చూపు కోపము గాదు. ముప్పది యేండ్లు నడచి యిల్లు చేరినవాడు అచట గోడలు లేకుండుట చూచిన చూపు.

"ఎవుడు?" అనెను. ఆ యొక్క మాట మాత్రము పుస్తకములోనిది గాదు.

నూకాలు మగనివంక చూచెను. చూచినదే తడవుగా తెలిసికొనెను. దాలయ్యకు అబద్ధమాడుటకు తావున్నది. కాగితము మొలనే యున్నది. అయినను వాడు "నానే బాబూ, అబ్కారీవోలు పట్టీస్తారని సున్నమేసినాను" అనెను.

"చెట్లు నీకిచ్చితిని. గిన్నె ముందుగా నీకే యిచ్చితిని. నీకు నేను చేసిన కీడేమి? నన్నేల నమ్మవైతివి, దాలయ్యా?"

దాలయ్య ఖాళీగిన్నెను అరుగుమీద బోర్లించి తలయెత్తి దొర కన్నులలోనికి చూచెను.

"ఎనకాల బంట్రోతు లేకుండా దొర సేతి గిన్నె మా ఇళ్ళకి ఎప్పుడొచ్చింది బాబూ?"