కుడి ఛానెల్

నా భార్య పోయిన నాలుగో నెలలో మళ్ళీ కంప్యూటర్ తెరిచాను. బడి పిల్లల కోసం ఇంట్లోనే లెక్కల పాఠాలు వీడియో తీసేవాళ్ళం. నేను బోర్డు దగ్గర, ఆమె కెమెరా వెనక. ఆరేళ్ళు అలాగే గడిచాయి.

నా కాలరుకున్న చిన్న మైకులో పడే శబ్దం ఎడమ ఛానెల్లోకి, అంటే ఎడమ చెవికి, కెమెరాకున్న మైకులోది కుడి ఛానెల్లోకి వెళ్ళేవి. కెమెరాకు దగ్గరగా ఉండేది ఆమే కాబట్టి ఆమె దగ్గు, కుర్చీ జరిపిన చప్పుడు, సణుగుడు అన్నీ కుడిదానిలో పడేవి. అందుకని ప్రతి పాఠంలోనూ కుడి ఛానెల్ తీసేసి, ఎడమదాన్నే రెండు చెవులకూ పంపేవాణ్ణి. చోటు చాలదని అసలు ఫైలు చెరిపేసేవాణ్ణి.

ఇప్పుడు ఇంట్లో ఆమె ఫోటోలు చాలానే ఉన్నాయి. గొంతు ఎక్కడా లేదు.

ఒక్క ఫైలు మిగిలింది. భిన్నాల కూడిక. దాని పని ముగించేలోపే ఆసుపత్రికి తిరగడం మొదలైంది. ఆశగా తెరిస్తే, రెండు చెవుల్లోనూ నేనే.

మరదలికి ఫోన్ చేశాను. ఫోటో స్టూడియోలో వీడియోలు ఎడిట్ చేస్తుంది. ఆదివారం పొద్దున్నే వచ్చింది.

"ఇయర్‌ఫోన్లు సరిగ్గా పెట్టుకున్నారా బావా? మీరసలే చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకునే మనిషి."

"పెట్టుకున్నానమ్మా. రెండు వైపులా నేనే వినిపిస్తున్నాను."

"అక్కకీ అదే బాధ ఉండేది పాపం."

ఇద్దరం నవ్వబోయి ఆగిపోయాం.

ఏదో పాట పెట్టి చూసింది. ఇయర్‌ఫోన్ల తప్పు కాదు. ఫైలు వివరాలు చూసింది. ఛానెళ్ళు రెండూ ఉన్నాయి. చివరికి సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లోకి వెళ్ళింది.

"ఇదిగో. ఏ వీడియో తెచ్చినా ఎడమదాన్నే రెండు వైపులా పంపమని పెట్టి ఉంది. ఎవరు పెట్టారిలా?"

"నేనే. ప్రతిసారీ మార్చడం ఎందుకని."

ఆమె నా వైపు చూడలేదు. ఆ సెట్టింగు తీసేసి, కుడి ఛానెల్ ఒక్కదాని మీదికి మౌసు తీసుకెళ్ళి ఆగింది. "ముందే చెబుతున్నా బావా, ఇందులో ఏమీ లేకపోవచ్చు కూడా."

"నొక్కు."

మొదట ఫ్యాను హోరు. తర్వాత ఎక్కడో గోడ దగ్గర నుంచి, పక్కగదిలో మాట్లాడుతున్నట్టు నా గొంతు. కెమెరా వెనక నా భార్య నిలబడిన చోటికి నేను అంత దూరంగా వినిపించేవాణ్ణని నాకు తెలియదు. ఆపైన, చెవి పక్కనే, ఊపిరి.

తెర మీద నేను సుద్దముక్క కెమెరా వైపు ఊపుతూ, "మధ్యలో మాట్లాడకు, రికార్డవుతుంది" అంటున్నాను.

"అయితే ఏం, ఎలాగూ తీసేస్తారుగా," అని మెల్లగా నవ్వింది నా భార్య. "చెప్పండి, వింటున్నా."

మరదలు తల దించుకుంది. తర్వాత ఎడమ ఛానెల్ మీదికి మౌసు జరిపి, "ఎడమదీ కలపనా బావా? ఇలా అయితే పాఠం సరిగ్గా వినపడదు," అంది.

"వద్దమ్మా. ఇలాగే ఉండనీ."

మొదటి నుంచి పెట్టించుకుని విన్నాను. నేను ఏం చెబుతున్నానో నాకే సగం అర్థం కాలేదు. కెమెరా వెనక ఆమె మాత్రం ప్రతి లెక్క చివరా ఊఁ కొడుతూనే ఉంది.