గులందామ్ నోరు

కౌకబ్ రొట్టెల పిండి పిసుకుతుంటే వెనకనుంచి ఎవరో "బు" అన్నారు. తోడికోడలు మునవ్వర్ వేళాకోళం చేస్తోందనుకుని వెనక్కి తిరిగి చూస్తే గదిలో ఎవరూ లేరు. కుంపటి పక్కన బొంతలో గులందామ్ మాత్రం ఉంది. ఆర్నెల్ల పిల్ల. పెదాలు రెండూ బిగించి, మొహం కందగడ్డ చేసుకుని మళ్ళీ "బుర్ర్" అంది. నోట్లోంచి ఉమ్మి బుడగ వచ్చి గడ్డం మీదికి జారింది. ఆ మాత్రం ఘనకార్యానికే సంబరపడిపోయి కాళ్ళు రెండూ బొంతలోంచి బయటికి తన్నేసింది.

ఇక ఆ రోజునుంచి దాని నోటికి మూత లేదు. ఒకసారి గొంతులో నీళ్ళు పుక్కిలించినట్టు గరగరమనేది. ఒకసారి కీచుమని అరిచి, ఆ అరుపుకి తనే ఉలిక్కిపడి, ఇంతకీ అరిచిందెవరా అన్నట్టు చుట్టూ చూసేది. "దద్దద్ద" అని అందరినీ కసిరేది. కౌకబ్‌కి కంగారు పుట్టింది. ఇద్దరు పిల్లల్ని కన్నది, చంటిపిల్ల కూస్తే కంగారుపడడమేమిటని మీకు నవ్వొస్తుంది. మునవ్వర్‌కీ నవ్వే వచ్చింది. "అక్కా, దీనికేమైనా సోకిందేమో చూడు, తాయెత్తు కట్టిద్దామా" అని కౌకబ్ అడిగితే, మునవ్వర్ గోడకి చేరగిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆవిడ పిస్తా తోటల ఊరి పిల్ల, కడుపు పండకపోయినా పుట్టింట్లో తమ్ముళ్ళందర్నీ చంకనేసుకు తిరిగింది. "పిచ్చిదానా, అది ఊసులు నేర్చుకుంటోంది. పిల్లలన్నాక ఈ వయసులో ఇలాగే వాగుతారు. తూబా వాగలేదూ?" అంది.

తూబా కౌకబ్ పెద్దకూతురు. ఎనిమిదేళ్ళొచ్చాయి. వాగలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మునవ్వర్ ఈ తాయెత్తు సంగతి చెప్పి అందరినీ నవ్వించింది. "రెండో కాన్పుకి గానీ తెలియలేదటే పిల్లలు నోరు తెరుస్తారని" అన్నాడు కౌకబ్ మొగుడు యదుల్లా, రొట్టె తుంచుకుంటూ. అత్తగారు నవ్వలేదు గానీ, చదువూ సంధ్యా లేని వాళ్ళింటినుంచి తెచ్చుకుంటే ఇంతేనంది. కౌకబ్ కూడా అందరితో కలిసి నవ్వేసింది. ఆ ఇంట్లో ఆమె నేర్చుకున్న మొదటి విద్య అది. నవ్వుతూనే తూబా వంక చూసింది. తూబా తలొంచుకుని తన పళ్ళెంలో రొట్టె తునకలు లెక్కపెడుతున్నట్టు తింటోంది, పిలిస్తే పలుకుతుంది, అడిగితే రెండు మాటలు చెబుతుంది, ఊళ్ళో అందరూ ఎంత బుద్ధిమంతురాలమ్మా నీ పిల్ల అంటారు, కౌకబ్ కూడా ఇన్నాళ్ళూ ఆ మాటకి మురిసిపోయింది. ఇప్పుడు తుంచిన రొట్టె ముక్క మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

కెర్మాన్ వైపు ఆ ఊళ్ళో ఇంటింటికీ మగ్గం ఉంది. యదుల్లా ఇంట్లో మగ్గం అన్నిటికంటే పెద్దది. దాని మీద నేసిన తివాచీని బజార్లో "యదుల్లా చేతిపని" అనేవారు. యదుల్లా చెయ్యి ఆ మగ్గానికి తగిలేది తివాచీ కోసి దింపే రోజున మాత్రమే. నేసేది ఆడవాళ్ళు. నేయించేది కౌకబ్ గొంతు. ఆమె తండ్రి పేరున్న వరుసలు చెప్పే మనిషి, కొడుకులు లేక విద్యంతా కూతురి బుర్రలో పోశాడు. కాగితం లేదు, బొమ్మ లేదు. పువ్వు ఎక్కడ విచ్చాలో తీగ ఎక్కడ తిరగాలో అంతా ఆమెకి కంఠతా వచ్చు. మగ్గం ముందు ఎత్తుగా వేసిన చెక్క పలక మీద కూచుని ఆమె రాగం తీసి "నీలం రెండూ, దాటి ఎరుపొకటీ, మళ్ళీ దాటి నీలం" అని పాడితే, రెండు పక్కలా కూచున్నవాళ్ళు ముడులు వేసి "వేశాం" అనేవారు. అప్పుడు తరవాతి వరుస. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఇదే. ఆ పాట మధ్యలో ఆగిందంటే అందరి చేతులూ ఆగినట్టే. అసలు కౌకబ్‌ని ఆ ఇంటికి తెచ్చుకున్నది అందుకే. పెళ్ళిచూపుల్లో అత్తగారు ఆమె మొహం సరిగా చూడలేదు, వరుస చెప్పించుకుని గొంతు విని వెళ్ళింది.

తూబా పుట్టినప్పుడు మగ్గం మీద పెద్ద పని ఉంది. నలభయ్యోనాటి పురిటి స్నానం అయిన మర్నాడే కౌకబ్ పలకెక్కింది. పిల్ల పలక కింద తొట్లో పడుకునేది. ఏడ్చినప్పుడల్లా కౌకబ్ గొంతు తడబడేది, వరుస తప్పేది, తప్పిన వరుస విప్పడానికి పూట పట్టేది. మూడోసారి తప్పినప్పుడు అత్తగారు రేకు డబ్బీ తెచ్చి మూత తీసింది. అందులో నల్లమందు. "చిటికెన వేలి కొసన ఆవగింజంత తీసి చిగుళ్ళకి రాయి. హాయిగా పడుకుంటుంది. మేమంతా ఇలాగే పెంచాం, చచ్చారా ఎవరైనా" అంది. కౌకబ్‌కి అప్పుడు పదిహేడేళ్ళు. అత్తగారి మాట కాదనడమనేది ఒకటుంటుందని ఆమెకి తెలియదు. రాసింది. పిల్ల పడుకుంది. అలా రోజూ పడుకుంది. కళ్ళు తెరిచినా ఎటో చూస్తూ ఊరికే పడి ఉండేది. "ఎంత మంచి పిల్లో, ఉందో లేదో కూడా తెలీదు" అనేవారు ఇరుగుపొరుగు. ఆ తివాచీ దిగేసరికి తూబాకి ఏడాదిన్నర నిండింది. నడక ఆలస్యం, మాట ఇంకా ఆలస్యం. నిదానం పిల్లలే అని అందరూ సర్దుకున్నారు.

గులందామ్ పుట్టిన దగ్గర్నుంచీ మగ్గం ఖాళీగా ఉంది. బేరం కుదరలేదు, పడుగు ఎక్కలేదు, కాబట్టి డబ్బీ కూడా తెరవలేదు. అంతే తేడా. ఇద్దరూ ఒక కడుపునే పుట్టారు, ఒకటే పాలు తాగారు. ఈ సంగతి కౌకబ్‌కి ఒక్కసారిగా తట్టలేదు. గులందామ్ ఒక్కొక్క కూతా కూస్తుంటే కొంచెం కొంచెంగా తెలిసింది. అది "అగ్గూ" అన్నప్పుడు ముద్దొచ్చి బుగ్గ కొరికేది, కొరికిన మరుక్షణం తూబా కూడా ఇలా అనేది కదా అనుకునేది. "మమ్మమ్మ" అని పెదాలు చప్పరిస్తే తూబా నోట్లో కూడా ఈ చప్పుడు ఉండేది కదా, బయటికి రానివ్వక లోపలే అణిచేశాను కదా అని గుండె పిండేసేది. ఎవరితో చెప్పుకుంటుంది? ఒకరోజు ఉన్ని వడుకుతున్న అత్తగారి పక్కన చేరి, "అత్తయ్యా, తూబా వాళ్ళ నాన్న చిన్నప్పుడు ఏం ఊసులు చెప్పేవారు?" అని అడిగింది. అత్తగారి చేతిలో కదురు ఆగింది. కాసేపు ఏదో వెతుక్కున్నట్టు చూసింది. "నాకేం తెలుసే, నేను మగ్గం మీద ఉన్నాను" అని మళ్ళీ కదురు తిప్పుకుంది.

వసంతంలో వచ్చే నౌరూజ్ పండగ వెళ్ళగానే పెద్ద బేరం వచ్చింది. యదుల్లా గడువు ఒప్పుకుని వచ్చాడు. నేసేవాళ్ళని ఒక్క మాట అడగడం ఆ ఇంటి ఆనవాయితీ కాదు. మళ్ళీ పడుగెక్కింది, మళ్ళీ పలక పడింది. కౌకబ్ మధ్యన, ఒక పక్క మునవ్వర్, ఇంకో పక్క తూబా. దాని వేళ్ళు సన్నం, ముడి గట్టిగా పడుతుందని నిరుడే కూర్చోబెట్టారు. ఈసారి గులందామ్‌ని కౌకబ్ తొట్లో పడుకోబెట్టలేదు. పలక పక్కన బొంత పరిచి, చుట్టూ ఉన్ని మూటలు దడి కట్టి కూర్చోబెట్టింది. పిల్ల ఉన్ని పీకుతూ, పీకింది నోట్లో పెట్టుకుంటూ, అమ్మ పాడే వరుసలు వింటూ వేసవి దాకా కాలక్షేపం చేసింది.

ఒక పొద్దున కౌకబ్ ఒక వరుస చెప్పి ఊపిరి తీసుకుంటోంది. కిందనుంచి సన్నగా రాగం వినిపించింది. "దదా బబ్బా, ద్దా దే, మమ్మ దదే..." అచ్చు తల్లి రాగమే. ఎక్కడ పైకెత్తాలో అక్కడ ఎత్తింది, ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీసింది. చివర్న టక్కున ఆపి, నోరు తెరుచుకుని అందరి మొహాలూ చూసింది. జవాబు కోసం ఎదురుచూస్తోంది! మునవ్వర్ ఊరుకుంటుందా, "వేశాం తల్లీ" అంది. గులందామ్ కిలకిల నవ్వి రెండో వరుస ఎత్తుకుంది. మునవ్వర్ మళ్ళీ "వేశాం" అంది. కౌకబ్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈ పిల్లకి నేను చెప్పిన కబుర్లు ఏమున్నాయి, పొద్దస్తమానం నా నోట విన్నది ఈ రంగులే కదా, దానికి దొరికిన లాలిపాట ఇదే కదా అనుకుంది. అయినా పాడుతోంది కదా అని కూడా అనుకుంది.

ఆ సంబరం మధ్యాహ్నం దాకే. గులందామ్ ఊరుకోలేదు. తల్లి ఒక వరుస చెబితే అది రెండు చెప్పింది. ఎవరి రాగం ఎవరిదో తెలియక మునవ్వర్ కౌకబ్ చెప్పని చోట ఎరుపు వేసేసి "వేశాం" అంది. ఆ మాట నమ్మి కౌకబ్ ముందుకు పోయింది. చూసుకునేసరికి ఒక పువ్వు పువ్వంతా పక్కకి ఒరిగిపోయి ఉంది. అదంతా విప్పాల్సిందే. సరిగ్గా అప్పుడే యదుల్లా లోపలికొచ్చాడు. తివాచీ చూశాడు, పిల్లని చూశాడు. పెళ్ళాం వైపు చూడకుండా తల్లితో అన్నాడు, "ఈ ఇంట్లో నోళ్ళు ఎక్కువైపోయాయి. ముందు దాని నోరు మూయించండి."

అత్తగారు లోపలికి వెళ్ళి రేకు డబ్బీ తెచ్చింది. మూత తీసి కౌకబ్ ముందు పట్టుకుంది. ఏం చెయ్యాలో చెప్పే పని కూడా లేదు. కౌకబ్ చిటికెన వేలు దానంతటదే వెళ్ళి ఆవగింజంత తీసుకుంది. అలవాటైన వేలు మరి. పలక దిగి పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. అమ్మ తనకేదో పెడుతోందని గులందామ్ నోరంతా తెరిచింది. కింది చిగురు మీద రెండు పళ్ళు, పైన ఇంకా బోసి. ఆ తెరిచిన నోట్లోంచి "దే" అని ఒక చిన్న ముక్క బయటికొచ్చింది. కౌకబ్ వేలు అక్కడే ఆగిపోయింది.

ఆమె లేచి వేలు పావడాకి తుడిచేసుకుంది. మళ్ళీ పలకెక్కి తన చోట కూచుంది. మునవ్వర్ తప్పు ముడులన్నీ విప్పేసి, చేతిలో దారం పట్టుకుని సిద్ధంగా ఉంది. కౌకబ్ వరుస చెప్పలేదు.

"చెప్పవేం?" అన్నాడు యదుల్లా.

"నోళ్ళు ఎక్కువయ్యాయన్నారుగా. ఒకటి తగ్గిస్తున్నాను" అంది కౌకబ్. గొంతు పెంచలేదు. "దాని నోట్లో మందు పెట్టిన రోజునుంచి నా నోట్లోంచి వరుస రాదు. అది వాగినన్నాళ్ళే నేను చెప్పేది. మీ ఇష్టం."

యదుల్లా మొదట నవ్వాడు. తరవాత తిట్టాడు. తిట్టడం అయ్యాక, నీ ఒక్కదానికే తెలుసా అని తనే పలక పక్కన నిలబడి "నీలం మూడు" అన్నాడు. "ఏ నీలం మరిదీ? మన దగ్గర అయిదు నీలాలున్నాయి" అంది మునవ్వర్ దారపు ఉండల వైపు చూపిస్తూ, మొహంలో నవ్వు తెలియనివ్వకుండా. అతను ఉండల్ని చూశాడు, సగం నేసిన తివాచీని చూశాడు. అందులో తర్వాత రావాల్సిన పువ్వు ఎవరి తలలో ఉందో అప్పటికి అర్థమైనట్టుంది. తలుపు ధడేలుమని వేసి బజారుకి వెళ్ళిపోయాడు. అత్తగారు డబ్బీకి మూత పెట్టింది. వెళ్తూ వెళ్తూ వంగి గులందామ్ నోట్లోంచి ఉన్ని పీచు తీసి పారేసింది.

మగ్గం అలా నిశ్శబ్దంగా ఉండడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. గులందామ్ ఒక్కతే దదా బబ్బా అంటోంది. వరుస చెప్పనన్న మాట అనడం ఇంత తేలికా, ఎనిమిదేళ్ళ కిందట నాకెందుకు రాలేదు అని కౌకబ్ కుమిలిపోతోంది. అప్పుడూ ఆమె ఒక్కదానికే వచ్చు ఆ విద్య. అప్పుడూ ఆమె నోరు మూసుకుంటే మగ్గం ఆగేదే. ఆ సంగతి తెలియనంత చిన్నది, అంతే. ఆ తెలియకపోవడానికి అప్పు తీర్చింది మాత్రం తూబా.

ఆ తూబా దారం కింద పెట్టి, చెల్లెలి వంకే చూస్తోంది. పిలవకుండా ఆ పిల్ల నోరు విప్పడం అరుదు.

"అమ్మా, నేను ఇంతున్నప్పుడు ఏమనేదాన్ని?"

మునవ్వర్ చప్పున ఏదో సర్దిచెప్పబోయింది. నువ్వు కూడా దదా బబ్బా అనేదానివి అని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. ఆ అబద్ధం కౌకబ్ నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఏమీ అనలేదు తల్లీ. నిన్ను అననివ్వలేదు. మందు మీ నానమ్మది. వేలు నాది" అంది.

తూబా ఆ వేలి వంక చూసింది. చాలాసేపు ఆలోచించింది. దేనికైనా అంత సేపే పడుతుంది దానికి. అప్పుడు, పక్కనున్న పెద్దమ్మకి కూడా వినపడనంత నెమ్మదిగా, "మరి ఇప్పుడు అనొచ్చా?" అని అడిగింది.