నేల మీద నేల

మా ఇంట్లో తలుపులు ఏటేటా పొట్టివైపోయేవి. మా బావగారు నేలను ఏటేటా ఎత్తు చేయడమే అందుకు కారణం.

ఆయనా, మా ఆయనా టైల్స్ పరిచే పనివాళ్లు. అన్నదమ్ములిద్దరికీ వేరే దుకాణం లేదు, మేడ మీది ముందుగదే దుకాణం. కొత్త డిజైను బజారులోకి రాగానే బావగారు దాన్ని ఆ గదిలో పరిచేవారు. గిరాకీలు పైకొచ్చి, నడిచి చూసుకుని బేరం కుదుర్చుకునేవారు. పాతవాటిని మాత్రం పగలగొట్టేవారు కాదు. తాను మట్టం చూసి పరిచిన నేల మీద సుత్తి వేయడానికి ఆయనకు చేతులు రావు. వాటి మీదే ఇసుకా సిమెంటూ పోసి కొత్తవి పరిచేవారు. తలుపు కదలకపోతే అడుగున కాస్త కోసేవారు. “ఇంకొన్నాళ్లకు కిటికీలోంచి దూరాలి కాబోలు,” అని మా తోడికోడలు నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు. ఆ గది కింద కాపురం ఉండేది మేము.

ఆ మధ్య మా గది పైకప్పు పెచ్చులు రాలడం మొదలైంది. జుట్టు దులుపుకుంటూ పైకెళ్లి అడిగితే, “తేమమ్మా, అంతే,” అన్నారు బావగారు నా ముఖం చూడకుండా.

తేమ కాదని చెప్పింది ఒక ఇంజనీరమ్మ. టైల్స్ చూడ్డానికి వచ్చిన గిరాకీయే. గది గుమ్మంలో ఎత్తుగా ఉన్న నేలకు కాలు తట్టుకుని, డిజైను సంగతి మరిచిపోయింది. తిన్నగా మా గదిలోకి దిగి, పైకప్పుకు కాస్త కిందుగా ఈ గోడ నుంచి ఆ గోడకు దారం బిగించి పట్టించింది. గోడల దగ్గర దారానికీ కప్పుకూ మధ్య నాలుగు వేళ్లు దూరాయి. గది మధ్యలో రెండే దూరాయి.

“మనుషుల బరువు వస్తుంది, పోతుంది,” అంది ఆవిడ. “మీరు పరిచింది పోదు కదా. రాత్రీ పగలూ శ్లాబు దాన్ని మోస్తూనే ఉంది. గోడవారన ఉన్న బరువు చాలావరకు గోడకు పోతుంది, మధ్యలోదే శ్లాబును వంచుతుంది. శ్లాబు కూలకుండా కింద నుంచి ఇనుప జాకీలు ఆనించేదాకా పైన ఏదీ కదపకండి. ఈ గదిలో ఎవరూ ఉండకండి. రేపో ఎల్లుండో మనుషుల్ని పంపిస్తాను.”

“సుత్తులతో వస్తారా?” అని అడిగారు బావగారు.

“సుత్తులు లేకుండా ఎలా వస్తుందండీ ఇదంతా?”

ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

ఆ పూటే సామాన్లు వీధి చివర తెలిసినవాళ్ల వరండాలోకి చేరవేయడం మొదలుపెట్టాం. మర్నాడు పొద్దున చూస్తే బావగారు పైన ఉలి పట్టుకుని కూర్చున్నారు. పరిచినవాడికి తీయడం రాదా అని ఆయన ధీమా. ఒక్కొక్క టైలూ పగలకుండా లేపుతుంటే మా ఆయన మెట్లు దింపుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఆవిడ చెప్పిందేంటి, మీరు చేస్తున్నదేంటి? అన్నదమ్ములిద్దరికీ చెవులు అలంకారానికా?”

“బరువు తగ్గితే మంచిదేగా!” అన్నారు మా ఆయన మెట్ల మీద ఆగి, మోకాలు పట్టుకుని. నేల మీద పనిచేసి చేసి ఆ మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి.

అది పైనుంచి బావగారు చూశారు. “ఒరే, నువ్వు మొయ్యకు. కాసేపు కింద కూర్చో. నేను పేర్చి ఉంచుతా, సాయంత్రం ఒకేసారి దింపుదాం.”

తమ్ముడంటే ఆయనకు ప్రాణం. ఆ మాట వినగానే నా కోపం కూడా సగం దిగింది. మా ఆయన వెళ్లి మా గదిలో మిగిలిన ఒక్క కుర్చీలో కూర్చున్నారు.

“ఇక్కడ వద్దు, బయటికి రండి,” అన్నాను.

“నువ్వు పద. చెమట ఆరాక వస్తా.”

బిందె చంకనెత్తుకుని వీధిలోకి వెళ్లాను.

వీళ్ల పనిలో పాత నేలను గోడవారనుంచి లేపుకుంటూ వస్తారు, లేపినవి గది మధ్యలో పేరుస్తారు. బావగారు అలాగే పేర్చారు, అంచుకు అంచు కలిపి, నడుమెత్తు దాకా.

బస్తాలన్నీ ఒక్కసారి దించినట్టు చప్పుడైంది. వెనక్కి తిరిగేసరికి మా గుమ్మంలోంచి దుమ్ము వస్తోంది. పరుగెత్తుకెళ్లాను. పైన గోడకు అంటుకుని మిగిలిన శ్లాబు ముక్క మీద బావగారు ఉలితో సహా కూర్చుని ఉన్నారు. తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నారు. కింద నుంచి జవాబు రాలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్లు తలరాత అన్నారు. రాతా కాదు, గీతా కాదు. గదంతా పంచుకుని మోసిన బరువును ఒక్కచోటికి చేర్చారు, అంతే. ఇంజనీరమ్మ వచ్చి ఆ సంగతే చెప్పబోతే బావగారి ముందు అనొద్దని బతిమాలాను. ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆయన్ని కడిగిపారేయాలని ఉంటుంది. మా ఇంట్లో నాకున్నంత నోరు ఎవరికీ లేదు. తీరా ఎదురుపడితే ఏడుపు ముంచుకొస్తుంది. తమ్ముడి మోకాళ్లు నొప్పెడతాయని కూర్చోమన్న మనిషిని ఏమని తిట్టను? నా మొగుడు లేడు. రోజు గడవడం లేదు.

ఇప్పుడు ఒక మేడ మీద అద్దెకుంటున్నాం ముగ్గురం. బావగారు పనికి వెళ్లడం మానేశారు. గోడ పట్టుకునే నడుస్తారు, గోడవారనే పడుకుంటారు. నిన్న అన్నం వడ్డించి, గాలి తగులుతుందని గది మధ్యలో కుర్చీ వేశాను.

“ఇలా వచ్చి కూర్చోండి బావగారూ.”

“వద్దమ్మా,” అన్నారు. “కింద మనుషులున్నారు.”