గాలి జారుకునే సందులు

“ఇదిగో, అందరూ వచ్చేశారు. కాస్త టీ!” అని పెరటి షెడ్డులోంచి భర్త కేక వేసేసరికి ఆమె అంట్లు తోముతోంది. చేతులు కడుక్కుని పాలు పొయ్యి మీద పెట్టింది. షెడ్డులో ఉన్నది ఆలుమగలిద్దరూ కలిసి కడుతున్న రెండు సీట్ల విమానం. కలిసి అన్నది మాటవరసకే. మొదట్లో ఆయన ఉత్సాహం ఉరకలేసింది. గీకడం, అంటించడం, ఆరాక మళ్ళీ గీకడం మొదలయ్యాక నడుంనొప్పి వచ్చింది. రంగు ఎంచుకునే రోజుకి అదే తగ్గిపోయింది.

ఇంజను మాత్రం మొదటినుంచీ ఆమె తలనొప్పే. పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకునే రకం కాదది. లోపల మూడు మూలల రోటరు గిరగిరా తిరుగుతుంది. చూడ్డానికి గుప్పెడంత, బలం బండెడు, వేడి అంతకు మించి. ఆ వేడిని లాగేసే రేడియేటరు ఎక్కడ పెట్టాలి, గాలిని దానిదాకా ఎలా తేవాలి అన్నది ఆమె లెక్క. కార్ల రేడియేటర్లు గీయడం ఆమె ఉద్యోగం. “మీరు గీసిచ్చెయ్యండి మేడం, మీటింగులో మేం చెప్పేస్తాం. మీకు ఇంటికెళ్ళే టైమవుతుందిగా” అని ఆఫీసులో కుర్రాళ్ళు ఎంతో దయగా అంటుంటారు. ఈ విమానం ముక్కు కింది సన్నటి నోరూ, లోపలికి పోయేకొద్దీ వెడల్పయ్యే గొట్టమూ మాత్రం పూర్తిగా ఆమెవి. అందులో గాలి వేగం తగ్గాలి, ఒత్తిడి పెరగాలి, రేడియేటరు రేకు రెక్కల మధ్యనుంచి బుద్ధిగా నడవాలి.

టీ మరుగుతుండగానే షెడ్డు దద్దరిల్లింది. ఆమె లేకుండానే స్టార్టు చేసేశారు! పొయ్యి కట్టేసి పరుగెత్తేలోపు ఇంజను ఆగిపోయింది. షెడ్డు నిండా ఆవిరి, నేలంతా వేడినీళ్ళు.

“రేడియేటరు అంచులకి రబ్బరు పట్టీలు ఇంకా వెయ్యలేదు, ఆగమన్నానుగా?”

“నువ్వు వంటింట్లో ఉన్నావు కదాని...” అన్నాడు భర్త.

అతని స్నేహితుడు, విమానాలు నడిపి రిటైరైన కెప్టెన్, గడ్డం నిమురుకున్నాడు. “నోరు చాల్లేదు. రెండింతలు కొయ్యాలి.”

“మా ఆవిడది కార్ల లెక్కలెండి” అని భర్త నవ్వుతూ రంపం అందుకున్నాడు.

“ఆ రంపం కింద పెట్టండి.”

ఆ గొంతు తనదేనా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆయన పెట్టేశాడు. “వచ్చే ఆదివారం దాకా దీన్నెవరూ ముట్టుకోవద్దు. అప్పటిదాకా వంట మీది.”

ఆ వారం కూరలు మాడాయి, అన్నం ముద్దయింది, ఎవరూ చచ్చిపోలేదు. ఆమె ఆఫీసునుంచి తిన్నగా షెడ్డుకే వెళ్ళేది. అత్తగారు స్వెట్టర్ అల్లే ఊలుండ పట్టుకుని వెనకే వచ్చేది. గొట్టం లోపలంతా ఊలు పోగులు అంటించి, ముందు పెద్ద ఫ్యాను పెట్టారు. పెద్దావిడ టార్చి వేసి లోపలికి తొంగిచూసింది.

“ఒసేయ్ పిల్లా, పోగులన్నీ అంచులవైపే పోతున్నాయే! రేడియేటరు జోలికి ఒక్కటీ పోవట్లేదు.”

“అదే అత్తయ్యా. రెక్కల మధ్య దూరడం కష్టం కదా. పక్కన సందు దొరికితే గాలి అలా జారుకుంటుంది.”

అత్తగారు టార్చి ఆర్పేసింది. “అచ్చం మా ఇంటి మగాళ్ళే. పనున్న చోటు తప్ప ఎక్కడికైనా పోతారు.”

ఇద్దరూ షెడ్డు నేలమీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత సందు సందుకీ రబ్బరు పట్టీ వేసి బిగించారు. ఆదివారం ఇంజను ఎంతసేపు మొరిగినా వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటలేదు. కెప్టెన్ పెద్దగా ఈల వేశాడు.

అసలు పరీక్ష గాల్లోకి లేచేటప్పుడే. అప్పుడు వేగం తక్కువ, ఇంజనుకి శ్రమ ఎక్కువ. ఒక్కరే ఎక్కాలి. విమానం నడపడం ఆలుమగలిద్దరూ కలిసే నేర్చుకున్నారు గానీ, “ఇవాళ గాలెక్కువగా ఉంది, నేను నడుపుతాలే” అని ఆయన అనని రోజు లేదు. విమానాన్ని ఊరి బయటి గడ్డి మైదానానికి తెచ్చాక, ఈసారీ ఎవరూ అడక్కుండానే ఎక్కి కూర్చున్నాడు.

“పైకి లేచేటప్పుడు ముల్లు గీత దగ్గరికొస్తే?” అని ఆమెని అడిగాడు.

“గాలి బయటికి పోయే తలుపు ఇంకాస్త తెరవాలి.”

“నీళ్ళు చల్లగానే ఉండి, ఆయిలు వేడెక్కితే?”

“ముక్కు దించి వేగం పెంచాలి.”

“రెండూ ఒకేసారి వేడెక్కితే?”

ఆమె జవాబు చెప్పబోయి ఆగింది. ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు తన దగ్గరుండగా, తను ఈ గడ్డిలో నిలబడి ఏం చేస్తున్నట్టు?

“దిగండి” అంది. “అడగక్కర్లేని మనిషి ఎక్కుతుంది.”

ఆయన మొహం చిన్నబోయింది. ఆమెకేసి చూశాడు, తల్లికేసి చూశాడు. తల్లి ఆకాశంకేసి చూస్తోంది. చివరికి దిగాడు. ఆమె బెల్టు బిగించుకుంటుంటే అద్దం మీది దుమ్ము మాత్రం తన చేతిరుమాలుతో తుడిచాడు.

విమానం గడ్డిమీద గంతులేసి, ఉన్నట్టుండి తేలికైపోయింది. ఇళ్ళూ రోడ్లూ కిందికి జారాయి. వేడిముల్లు పైకి పాకింది, ఇంకా పాకింది. ఆమె గాలి బయటికి పోయే తలుపు కాస్త తెరిచింది. ముల్లు తటపటాయించి, అక్కడే స్థిమితపడింది. ఆమె గట్టిగా ఒక కేక పెట్టింది, ఎవరికీ వినపడదుగా!

మైదానం రేడియో గదిలోని ఉద్యోగి గొంతు చెవిలో గరగరలాడింది. “బ్రహ్మాండంగా లేచింది సార్! ఇంజను వేడెలా ఉంది?”

ఆమె బటన్ నొక్కింది.

“సార్ కిందే ఉన్నారండీ, గడ్డిలో. ఇంజను చల్లగా ఉంది.”