నలభై ఒకటో గుండుసూది

...లేదు అనకుండా ఉండాల్సింది. అవునన్నా సరిపోయేది. ఏమీ అనకుండా చెయ్యి పట్టుకున్నా సరిపోయేది. గోడ మీది పటం ముందు నిలబడి, పదకొండు రోజులుగా ఆమె ఇదే తవ్వుకుంటోంది.

ఆ పటం గీసింది తనే. ఒక్కో భాషకు ఒక్కో గుండుసూది. మైదానమంతటికీ కలిపి ఒక్కటే. కొండల దగ్గరికొచ్చేసరికి అరచేతంత చోటులో ఇంకా నలభై ఒకటి. ఒక భాష మాట్లాడే ఆఖరి మనిషి పోతే, సూది పీకి చిల్లులో లప్పం కూరి తెల్లరంగు పూయడం, భాషల లెక్క రాసే ఆ ఆఫీసు పద్ధతి. అలా ఇప్పటికి ఆరు చిల్లులు ఆమే పూడ్చింది.

కొండల్లోనే ఇన్నెందుకని చూడవచ్చినవాళ్ళు అడిగితే, తనను పెంచిన పెద్దమ్మ చెప్పిందే చెప్పేది. పైన ఏడాది పొడవునా వాగు పారేది, దుంపలకు లోటుండేది కాదు. ఒక కొండవాళ్ళకు ఇంకో కొండవాళ్ళ గడప తొక్కే అవసరమే పడలేదు. కింద వాన ఒక ఏడు మొహం చూపిస్తే రెండేళ్ళు చాటేసేది. విత్తనాల కోసం పక్క ఊరు పోక తప్పేది కాదు, పోయాక వాళ్ళ మాట నేర్వకా తప్పేది కాదు.

"వాళ్ళని కరువు కలిపిందే. మాకేమో కడుపు నిండిన పొగరు," అని నవ్వేది పెద్దమ్మ.

ఆ వాగు ఎండిన ఏడే, తల్లి లేని ఈ పిల్ల చెయ్యి పట్టుకుని పెద్దమ్మ మైదానానికి దిగింది. బడిలో ఆమె కొండమాట విని తోటి పిల్లలు నవ్వారు. ఆ రోజు నుంచి పెద్దమ్మ కొండభాషలో ఏమడిగినా ఆమె మైదానం మాటలోనే జవాబిచ్చింది. ముప్పై ఏళ్ళు. అన్నం వడ్డిస్తూ పెద్దమ్మ దెప్పేది: "చెవులిచ్చావు గానీ నోరివ్వలేదే నాకు."

ఆస్పత్రిలో చివరి సాయంత్రం పెద్దమ్మ తన దుప్పటి అంచు ఎత్తి ఆమె ఒళ్ళో వేయబోయింది. చలేస్తోందా అని అడిగింది, తన భాషలోనే.

"లేదు పెద్దమ్మా," అంది ఆమె, అలవాటైన మాటలో.

పెద్దమ్మ కాసేపు చూసి గోడవైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరగలేదు. ఆ భాష మాట్లాడే ఆఖరి మనిషి పెద్దమ్మే.

ఇందాక పై అధికారి వచ్చి రికార్డు చేసే యంత్రం బల్ల మీద పెట్టాడు, లప్పం డబ్బా పక్కనే.

"నీకొచ్చు కదమ్మా. నాలుగు మాటలు మాట్లాడు, సూది అక్కడే ఉంటుంది. రాదంటావా, నువ్వే పీకెయ్," అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

అర్థం కావడం వేరు, రావడం వేరు. ఆమె నలభై ఒకటో సూది, పెద్దమ్మ భాషది, దాని తల మీద వేలు పెట్టింది. అది వదులుగానే ఉంది, కాస్త లాగితే వచ్చేస్తుంది. అయినా వినేవాళ్ళు లేని చోట ఎవరితో మాట్లాడాలి?

వేలు తీసేసింది. యంత్రం మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగాక గోడవైపు తిరిగి, నాలుక తడబడుతుండగా, పెద్దమ్మ భాషలో చెప్పింది, అవును, చలేస్తోందని.