ట్రేలో నాలుగో మూల

పాస్తా ట్రేలో చీజ్ పరిచేటప్పుడు ఆమె చెయ్యి ఎప్పుడూ తడబడలేదు. ఒక మూల ఆయనది, అక్కడ ముదురు చెడ్డార్. పక్కది కూతురిది, తీగలు సాగే మొజరెల్లా. అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఆవిడ మూలకి పళ్ళకి శ్రమలేని మెత్తటి చీజ్. నాలుగో మూలకి వచ్చేసరికి గిన్నెలో తురుము అయిపోయేది. అక్కడ ఓ ప్రాసెస్డ్ చీజ్ ముక్క కాగితం ఒలిచి పడేసేది. అది ఆమెది.

ఆ ముక్క మీద ఇంట్లో అందరికీ అభిప్రాయాలున్నాయి, తినే ఆమెకి తప్ప. అది చీజే కాదు, పాల మొహం చూడని రబ్బరు అని ఆయన ఉపన్యాసం. గతిలేనమ్మకు గంజే పానకమని నవ్వేవాడు కూడా. స్నేహితులు భోజనానికొస్తే చెడ్డార్ ఎన్నాళ్ళు మాగితే ఎంత ఘాటో వివరించేవాడు. ఆ ఘాటునంతా చెయ్యి నొప్పెట్టేలా తురిమిన మనిషి వాళ్ళ వెనకాల ప్లేట్లు తీస్తుండేది. ఎవరైనా మర్యాదకి ఆమెనడిగితే, దానికేదైనా ఒకటే అని ఆయనే జవాబిచ్చేవాడు. వండేదానికి చేతిలో రుచి ఉంటే చాలు, నాలుక మీద ఎందుకమ్మా అనేది అత్తగారు. మా కోడలు నోట్లో నాలుక లేని పిల్ల అని పదిమందిలో మెచ్చుకునేది కూడా. ఆ మెప్పుకి ఆమె నిజంగానే పొంగిపోయేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, ఎవరి మీదో తెలియదు.

ఆమె ఓ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. అక్కడా అందరి టీ కప్పులూ కడిగేది ఆమే. అది తన ఉద్యోగంలో భాగమో కాదో ఏనాడూ అడగలేదు. మొన్న మధ్యాహ్నం నర్సు తన రొట్టెలోంచి చెడ్డార్ ముక్క తుంచి ఆమె చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళూ తురమడమే గానీ నోట్లో వేసుకున్న గుర్తు లేదు. ఘాటుగా, ఉప్పగా, చివర్న కాస్త తీపిగా ఉంది. ఇంత బాగుంటుందా అనుకుంది. కప్పులు కడుగుతూ ఏడ్చింది. చీజ్ ముక్క కోసం ఏడుపేమిటి, వింటే నలుగురూ నవ్విపోతారు అనుకున్నా ఏడుపు ఆగలేదు. యాభై దాటాక తనకేది ఇష్టమో తెలిసొచ్చింది. అది ఒక్క మనిషికైనా చెప్పకుండా పోకూడదనిపించింది. ఆయనకి చెబితే మళ్ళీ ఉపన్యాసమే. కూతురికే చెప్పాలి.

ఆ ఆదివారం కొత్త కాపురం పెట్టిన కూతురు ఇద్దర్నీ భోజనానికి పిలిచింది. మామా అల్లుళ్ళు ముందుగదిలో కూర్చున్నారు. ఆయన రబ్బరు కథ మొదలెడితే అల్లుడు వినయంగా తలూపుతున్నాడు. వంటింట్లో పిల్ల ట్రే మీదికి వంగి, అచ్చం ఆమెలాగే పెదవి బిగించి చీజ్ పరుస్తోంది. నాన్న మూలకి చెడ్డార్. మొగుడి మూలకి గుప్పెళ్ళతో మొజరెల్లా. తర్వాత ఓ ముక్క కాగితం ఒలిచి, "నీది మర్చిపోలేదమ్మా" అంటూ ముచ్చటగా వేసింది.

"నీకో మాట చెప్పాలే," అని ఆమె గొంతు సవరించుకుంది. వచ్చేదారి పొడుగునా కూడగట్టుకున్న మాట అది. ఈలోగా పిల్ల ఇంకో ముక్క ఒలిచి మిగిలిన మూలలో పరిచింది.

"అదెవరికే?"

"నాకే."

"నీకు మొజరెల్లా కదా ఇష్టం?"

"ఆయనకి చాలదేమోనని అంతా అటే వేసేశా." పిల్ల చేతులు తుడుచుకుని, మెప్పు కోసం తల్లి మొహంలోకి చూసి నవ్వింది. "నాకేదైనా ఒకటేలే. నీ కూతుర్నే కదమ్మా."